మీకు తెలుసా? తప్పులు పట్టే ఫ్లాగే ప్రోగ్రామ్‌ను కూల్చగలదు!

సీ భాషలో ఒక ఫంక్షన్ లోపల 1024 × 1024 డబుల్ అరే పెడితే సరిగ్గా 83,88,608 బైట్లు కావాలి. లినక్స్‌లో మామూలుగా ప్రోగ్రామ్‌కు దొరికే స్టాక్ మొత్తం అంతే! విండోస్ మరీ పిసినారి, 1 ఎంబీతో సరిపెడుతుంది.

వేర్వేరు బ్లాకుల్లోని అరేలు ఒకే చోటును పంచుకుని గట్టెక్కుతుంటాయి. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ ఫ్లాగ్ పెడితే ఆ పంపకం పోవచ్చు. పైగా అరేల చుట్టూ కాపలా జాగా కూడా చేరుతుంది. క్లాంగ్ కంపైలర్‌లో స్టాక్ వాడకం 3 రెట్ల దాకా పెరిగిన సందర్భాలున్నాయి. ఇంకేముంది, 'సెగ్మెంటేషన్ ఫాల్ట్'.

కోడ్‌ను తిట్టుకునే ముందు లినక్స్ టెర్మినల్‌లో 'యూలిమిట్ -ఎస్ అన్‌లిమిటెడ్' కొట్టి, అక్కడి నుంచే మళ్లీ నడపండి. నడిచిందా, ఇరుకైంది స్టాకే. అసలు మందు, అరేను మాలాక్‌తో హీప్‌లోకి మార్చడం. ఇంటెల్ ఫోర్‌ట్రాన్ వాళ్లు అదృష్టవంతులు: తాత్కాలిక అరేలను హీప్‌కు పంపే 'హీప్-అరేస్' ఫ్లాగే వాళ్లకుంది.