గర్భస్థ శిశు పరీక్షలు: నెలల లెక్క, ఫలితాల భాష – లాలాపేట్ పరిసరాల నేపథ్యం

1. ఉపోద్ఘాతం

తార్నాకకు, నాచారానికి నడుమ ఉన్న లాలాపేట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే హబ్సిగూడలో సి.సి.ఎం.బి., ఉప్పల్‌లో సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి. వీటిలో రెండోది వంశపారంపర్య వ్యాధులకు జన్యుపరీక్షలు చేసే కేంద్రప్రభుత్వ సంస్థ. నాచారంలో కార్మికుల కోసం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. 2022లో తెలంగాణ ప్రభుత్వం 44 ప్రభుత్వ ఆసుపత్రులలో 56 టిఫా స్కానింగ్ యంత్రాలను ఏర్పాటు చేసింది. ఈ విధంగా గర్భస్థ శిశువు క్షేమాన్ని తెలిపే పరీక్షలు సామాన్య కుటుంబాలకు చేరువవుతున్నాయి. అయితే పరీక్షకు ఎప్పుడు రావాలో, వచ్చిన ఫలితానికి అర్థమేమిటో గర్భిణికి తెలియవలసింది ఆమె మాట్లాడే భాషలోనే. ఆ చోట తెలుగు వాడుకలో ఎదురవుతున్న చిక్కులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిండిన నెల, నడుస్తున్న నెల

వైద్యులు గర్భకాలాన్ని చివరి బహిష్టు మొదటిరోజు నుంచి వారాలలో లెక్కిస్తారు. మొత్తం 40 వారాలు, అంటే 280 రోజులు. తెలుగు ఇళ్ళలో లెక్క నెలలది. అందులోనూ రెండు పద్ధతులున్నాయి. ‘ఐదో నెల పడింది’ అంటే నాలుగు నెలలు పూర్తయ్యాయని అర్థం. ‘ఐదు నెలలు నిండాయి’ అంటే ఆరో నెల మొదలైందని. నెలకు 30 రోజుల చొప్పున చూస్తే మొదటిది 120 రోజులు, అంటే 17 వారాల 1 రోజు. రెండోది 150 రోజులు, అంటే 21 వారాల 3 రోజులు. కొందరు నెల తప్పిన నాటి నుంచి లెక్క మొదలుపెడతారు. అప్పుడు ‘ఐదు నెలలు నిండాయి’ అన్న మాటకు వైద్యుని లెక్కలో సుమారు 25 వారాల 3 రోజులు అవుతుంది.

ఈ తేడా మాటలతో ముగిసేది కాదు. శిశువు అవయవ నిర్మాణాన్ని పరిశీలించే టిఫా స్కాన్‌ను సాధారణంగా 18–22 వారాల మధ్య చేస్తారు. 2021 సవరణ తరువాత గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం, తల్లి ప్రాణాన్ని కాపాడవలసిన అత్యవసర స్థితిని మినహాయిస్తే, 24 వారాలు దాటాక శిశువులో తీవ్రమైన లోపం ఉన్నట్లు వైద్యమండలి నిర్ధారించినప్పుడే గర్భవిచ్ఛిత్తికి వీలుంటుంది. ‘ఐదో నెలలో రండి’ అన్న మాటను ‘ఐదు నెలలు నిండాక’ అని గ్రహించిన కుటుంబం గడువు చివరకు చేరుతుంది. నెల తప్పిన నాటి నుంచి లెక్కిస్తే గడువును దాటిపోతుంది. చీటీ మీద నెలకు బదులు తేదీ వేసి ఇవ్వడం ఎంతో చిన్న పని.

3. ‘పరీక్ష’ అనే ఒకే మాట

11–14 వారాల మధ్య చేసే ఎన్.టి. స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష శిశువులో డౌన్ సిండ్రోమ్ వంటి స్థితులు ఉండే సంభావ్యతను మాత్రమే చెబుతాయి. ఉమ్మనీటిని సూదితో తీసి క్రోమోజోములను చూసే పరీక్ష నిర్ధారణ చేస్తుంది. దానికి స్వల్పంగానైనా గర్భస్రావ ముప్పు ఉంది. తెలుగులో రెండూ ‘పరీక్ష’లే. 1:250 అని వచ్చిన ఫలితానికి, అదే ఫలితం వచ్చిన 250 మంది గర్భిణులలో 249 మంది శిశువులకు ఆ స్థితి ఉండదని అర్థం. ‘హై రిస్క్’ అన్న ముద్ర పక్కన ఉంటే ఆ సంఖ్య ఎవరి కంటా పడదు. మొదటి రకాన్ని ‘అంచనా పరీక్ష’ అని, రెండోదాన్ని ‘నిర్ధారణ పరీక్ష’ అని పిలిస్తే సగం భయం తగ్గుతుంది. పత్రికలు వాడే ‘లోపం ఉండే అవకాశం’ అన్న ప్రయోగం మాత్రం సమంజసంగా తోచదు. అవకాశం కోరుకునేది కదా!

చివరి మూడు నెలలలో చేసే ఎన్.ఎస్.టి. విషయంలో అనువాదమే భయపెడుతుంది. ఇది శిశువు గుండె వేగాన్ని నమోదు చేసే పరీక్ష. సాధారణ వేగం నిమిషానికి 110–160. 32 వారాలు దాటాక, 20 నిమిషాల వ్యవధిలో ఆ వేగం కనీసం 15 చొప్పున, 15 సెకన్ల పాటు, రెండుసార్లు పెరిగితే ‘రియాక్టివ్’ అంటారు. పెరగకపోతే ‘నాన్ రియాక్టివ్’. దీన్ని ‘స్పందన లేదు’ అని తెనిగిస్తే తెలుగువారి చెవికి ప్రాణం లేదన్నట్లే వినిపిస్తుంది. తరచుగా జరిగేది శిశువు నిద్రలో ఉండటం. అందుకే పరీక్షను మరో 20 నిమిషాలు పొడిగిస్తారు. అవసరమైతే శిశువు కదలికలు, కండర పటుత్వం, శ్వాస కదలికలు, ఉమ్మనీటి పరిమాణాన్ని స్కానింగ్‌లో చూసి, ఎన్.ఎస్.టి.తో కలిపి పదికి మార్కులు వేస్తారు.

చిత్రమేమంటే, ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు అని శరీరానికి సంబంధించిన పేర్లు తెలుగులో నిండుగా ఉన్నాయి. ‘బిడ్డ తిరుగుతోంది’ అన్న మాట యంత్రాలు రాకముందే తల్లులు చేసుకున్న క్షేమపరీక్ష. ఆ తిరుగుడు తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలన్నది నేటికీ వైద్యుల సూచన. కొరత ఫలితాలను చెప్పే పదాలలోనే ఉంది.

4. అర్థమయ్యే భాష – చట్టం

లింగనిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం (అమలు 1996 జనవరి 1, సవరణ 2003) భాషను కూడా ప్రస్తావించింది. నిర్ధారణ ప్రక్రియకు పూనుకునే ముందు దాని దుష్ఫలితాలను గర్భిణికి వివరించాలి. ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఆ పత్రం ప్రతిని ఆమెకు ఇవ్వాలి. లింగాన్ని వెల్లడించడం నేరమని తెలిపే బోర్డు ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో ఉండాలని నియమావళి చెబుతుంది. ఆచరణలో ఎక్కువగా కంటికి కనిపించేది ఆ బోర్డే. సమ్మతి పత్రంలోని తెలుగు సంస్కృత సమాసాలతో నిండితే, సంతకం చేసే స్త్రీకి అది ఇంగ్లీషుతో సమానం. తెలుగుతో పాటు ఉర్దూ వినిపించే లాలాపేట్‌లోను, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలుండే నాచారం పారిశ్రామికవాడలోను ‘ఆమెకు అర్థమయ్యే భాష’ ఏదో ప్రతి గర్భిణినీ ముందుగా అడిగి తెలుసుకోవలసిందే.