గాజు గుట్టు చెప్పే న్యూట్రాన్

జంషెడ్‌పూర్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలో జాదూగూడ ఉంది. 1951లో అక్కడ యురేనియం జాడ దొరికింది. కడప జిల్లాలో తుమ్మలపల్లె గని వచ్చేదాకా దశాబ్దాల పాటు దేశం తవ్వుకున్న యురేనియం జాదూగూడ ఉన్న సింగ్‌భూమ్ నేలదే. గని వ్యర్థాల చెరువుల పక్కనున్న ఆదివాసీ పల్లెలు తమ ఆరోగ్యం గురించి ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నాయి. ఆ బాకీ ఇంకా తీరలేదు.

ట్రాంబేలోని ధ్రువ పరిశోధన రియాక్టర్‌లో మండేదీ యురేనియమే, సహజ యురేనియం లోహం. 1985 ఆగస్టు 8న ఆ రియాక్టర్ మొదలైంది. పుట్టగానే జబ్బు చేసింది. చల్లబరిచే భారజలం ఉరవడికి ఇంధన కడ్డీలు అదిరి, పైనున్న అల్యూమినియం తొడుగులు అరిగిపోయాయి. మన ఇంజనీర్లే కడ్డీల కూర్పు మార్చారు. 1988 జనవరిలో గానీ 100 మెగావాట్ల పూర్తి శక్తి అందలేదు.

ధ్రువలో యురేనియం చీలి వెలువడే న్యూట్రాన్లతో నడిచే పరికరాల్లో హై-క్యూ డిఫ్రాక్టోమీటర్ ఒకటి. నమూనాకు తగిలి చెదిరే న్యూట్రాన్లను అది కొలుస్తుంది. ద్రవాలు, గాజులు దాని ప్రత్యేకత. నమూనాను పల్చటి వెనేడియం గొట్టంలో పెడతారు. ఆ లోహం న్యూట్రాన్లను దాదాపు అన్ని వైపులకీ సమంగా చిమ్ముతుంది కాబట్టి లెక్కలో తన గీతలు కలపదు. స్ఫటికమైతే సూదుల్లాంటి శిఖరాలు వస్తాయి. గాజు నుంచి వచ్చేవి మెల్లగా లేచి పడే అలలే. వాటికి ఫూరియర్ గణితం కడితే పరమాణువుల మధ్య దూరాలు బయటపడతాయి. సిలికా గాజులో ప్రతి సిలికాన్ చుట్టూ సుమారు 1.6 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో నాలుగు ఆక్సిజన్లు. ఇరుగుపొరుగు దాటితే ఆ క్రమం చెదిరిపోతుంది. ఉక్కు కొలిమిలో ఇనుము మీద తేలే స్లాగ్‌లోనూ ఈ సిలికాన్-ఆక్సిజన్ అల్లికే ఉంటుంది. సున్నం పడితే అల్లిక తెగి స్లాగ్ పల్చబడుతుంది.

ఎక్స్-కిరణాలు ఎలక్ట్రాన్లను చూస్తాయి, అందుకే సీసం పక్కన ఆక్సిజన్ మరుగున పడుతుంది. న్యూట్రాన్ నేరుగా కేంద్రకాన్ని తాకుతుంది. ఐసోటోపు మారిస్తే జవాబూ మారుతుంది. 1966లో ఎండర్బీ, నార్త్, ఎగెల్‌స్టాఫ్ అనే శాస్త్రవేత్తలు కరిగిన రాగి-తగరం మిశ్రమంలో రాగి ఐసోటోపులు మార్చి మార్చి కొలిచి, రాగి పక్కన రాగి ఎంత, తగరం ఎంత అని విడదీశారు. వేల ఏళ్లుగా మనిషి పోతపోస్తున్న కంచులో ఉండేవీ ఈ రెండు లోహాలే! నా దృష్టిలో ఈ విద్య మొత్తానికి మూలస్తంభం ఆ ప్రయోగమే.

ధ్రువ న్యూట్రాన్లు విశ్వవిద్యాలయాలకూ అందుబాటులో ఉన్నాయి. యూజీసీ-డీఏఈ కన్సార్షియం ముంబై కేంద్రం ఆ దారి చూపిస్తుంది. నాగార్జున, ఉస్మానియా లాంటి చోట్ల గాజుల మీద పనిచేస్తున్న విద్యార్థులారా, మీ నమూనాతో ఒక ప్రతిపాదన రాసి పంపండి.