ఏ యీడున బండి నప్పగింపవలెను?

పదునాఱేండ్లు నిండిన బిడ్డలున్న గృహములలో నేడు చదువును గూర్చిన చర్చ ముగియకముందే మఱియొక చర్చ ప్రారంభమగుచున్నది. అది బండిని గూర్చినది. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చినచో స్కూటరు కొనియిచ్చెదనని తండ్రి ముందుగనే మాట యిచ్చియుండును. ఫలితములు వెలువడిన నాటనుండి కుమారు డా మాటను జ్ఞాపకము చేయుచునే యుండును. తల్లికి భయము, అయినను ఇరుగుపొరుగు పిల్లలెల్లరు నడుపుచుండగా మనవాని నొక్కని నెట్లు వారింతుమను సంకోచము. తుదకు బండి యింటికి వచ్చును. చట్ట మేమి చెప్పుచున్నదని యడిగినవా రరుదు.

ఈ విషయమున తల్లిదండ్రుల యభిప్రాయములు మూడు విధములుగా నున్నవి. పల్లెలయందలి రైతులు, "మావాడు పదమూడవయేటనే ట్రాక్టరుతో చేను దున్నినాడు, వానికి క్రొత్తగా నేర్పవలసిన దేమున్నది?" అందురు. పట్టణవాసులు, "కళాశాల ఎనిమిది కిలోమీటర్ల దూరము; ట్యూషను తెల్లవారకముందే మొదలగును; వేళకు బస్సు లేదు; మే మేమి చేయుదుము?" అందురు. మూడవ తెగవారు పద్దెనిమిదేండ్లు నిండినను బిడ్డను బండిపై వీధిలోనికి విడువ మనసొప్పనివారు. మొదటివారిది గర్వము, రెండవవారిది అవసరము, మూడవవారిది భయము. వీనిలో ప్రతిదానియందును కొంత సత్యము గలదు గాని, యేదియు ప్రశ్నకు సమాధానము గాదు.

మొదట చట్టము మాట. పద్దెనిమిదేండ్లు నిండనివారు బహిరంగ స్థలములందు మోటారు వాహనమును నడపరాదని 1939వ సంవత్సరపు చట్టము శాసించెను. దానికి బదులుగా మన పార్లమెంటు 1988లో చేసిన చట్టమును ఆ పరిమితినే నిలిపినది. 50 సి.సి.కి మించని మోటారు సైకిలును మాత్రము పదునాఱేండ్లు నిండినవారు నడపవచ్చును. గేర్లు లేని అట్టి బండికై బాలు డభ్యాసపు లైసెన్సు కోరునెడల సంరక్షకులు వ్రాతమూలముగ సమ్మతి తెలుపవలెను. నేడంగళ్లలో నమ్మెడు పెట్రోలు స్కూటర్లలో అధికభాగము 100 సి.సి.కి పైబడినవే గావున నీ మినహాయింపువలన నుపయోగము స్వల్పము. ఇంటర్మీడియటు చదువు బాలుడు తండ్రి స్కూటరెక్కి కళాశాలకు పోవుట సాధారణముగా చట్టవిరుద్ధమే.

2019లో జరిగిన సవరణ ఈ భారమును తిన్నగా పెద్దలపై మోపినది. బాలుడు ఈ చట్టము క్రింద నేరము చేసినచో సంరక్షకుడు గాని వాహనపు యజమాని గాని దోషిగా నెంచబడును. మూడేండ్లవఱకు కారాగారవాసమును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు మాసములు రద్దగును. బాలునకు ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు లభింపదు. తనకు తెలియకుండ జరిగెననియో, తాను తగిన జాగ్రత్త వహించితిననియో నిరూపించుకొనవలసిన భారము పెద్దలదే. తాళపుచెవి గోడకు తగిలించియుంచి, పిదప "నే నెఱుగను" అనుట చెల్లదు.

పద్దెనిమిదవయేటనే యేల? ముందునాటి రాత్రి లేని వివేకము పుట్టినదినమున నొక్కమాఱుగ నుదయించునా? ఉదయింపదు. ఎచ్చటనో యొక గీత గీయక తప్పదు, చట్టము గీసినది. కాని యా గీత నిరాధారము గాదు. బండిని నడపుట వేఱు, నిలుపుట వేఱు. చేతివాటమున, కంటిచురుకున పదునాఱేండ్ల కుమారుడు తండ్రిని మించియుండవచ్చును. కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గముగను, బుద్ధిని సారథిగను వర్ణించినది. యౌవనారంభమున గుఱ్ఱములకు బలము ముందు వచ్చును. సారథికి నిలుకడ తర్వాత వచ్చును. తొందరను అణచి ఫలితము నాలోచించు మెదడు ముందుభాగము ఇరువదియైదవయేటి ప్రాంతమువఱకు పరిపక్వమగుచునే యుండునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ప్రక్కన తోటివారున్నపుడును, రాత్రివేళలందును పడుచువాండ్రకు ప్రమాదము హెచ్చునని అనేక దేశముల యనుభవము. ఐదేండ్లు మొదలు ఇరువదితొమ్మిదేండ్ల వఱకు గలవారి మరణములకు రహదారి ప్రమాదములే ప్రథమకారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలుపుచున్నది. మన దేశమున 2022వ సంవత్సరమున 1,68,491 మంది రహదారులపై మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క.

ట్రాక్టరు వాదమునకు సమాధాన మిందులోనే యున్నది. చేనిలో నడపునపుడు గట్టు దాటినచో నష్టము తనది. రహదారి యెవరి సొంత చేనును గాదు. చీకటిపడిన వేళ వెనుక దీపములు లేని ట్రైలరునిండ వడ్లబస్తాలు వేసికొని మార్కెటుకు బోవు బాలుడు, తన ప్రాణముతోపాటు వెనుక వచ్చు బాటసారి ప్రాణమునుగూడ పణముగా నొడ్డుచున్నాడు. సాలు తిన్నగా దున్నగలుగుట గొప్పయే. అది రహదారికి యోగ్యతాపత్రము గాదు.

2024 మే 19వ తేదీ తెల్లవారుజామున పుణె నగరమున పదునేడేండ్ల బాలుడు నడపెనన్న కారు మోటారు సైకిలును ఢీకొనగా ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించిరి. బాలుడు మద్యము సేవించియుండెనని పోలీసుల యభియోగము. 300 మాటల వ్యాసము వ్రాయవలెనను షరతుతో నతనికి బెయిలు లభించెనని విని దేశమెల్ల నివ్వెఱపోయెను. పిదప పరీక్షకై తీసిన రక్తమును మార్చిరన్న యారోపణపై వైద్యులును, బాలుని తల్లిదండ్రులును నిర్బంధింపబడిరి. దోషాదోషములు తేల్చవలసినది న్యాయస్థానము. మనము గ్రహింపవలసిన దొకటి గలదు: బండి బాలుని చేతికి వచ్చునది పెద్దల యింటినుండియే.

కొందఱు, "అందఱును చేయుచున్న పనియే గదా!" అని సమాధానపడుచున్నారు. 1930లో ఉప్పు శాసనమును ధిక్కరించినవారు పట్టపగలు నలుగురియెదుట ధిక్కరించి, శిక్షకు తలయొగ్గిరి. అది పరప్రభుత్వపు శాసనము. నేటి తండ్రి మన ప్రతినిధులు చేసిన చట్టమును చాటుగా నతిక్రమించి, కుమారుడు పట్టుబడినచో పలుకుబడిగల వారికి ఫోను చేయుచున్నాడు. కుమారు డా దినమున నేర్చుకొనునది బండి నడపుట గాదు; చట్టము బీదవారికే గాని మనకు గాదను పాఠము. ఆ పాఠము జన్మాంతము మఱపునకు రాదు.

ఇతర దేశములందు వయస్సు తక్కువ గదా యను ప్రశ్న గలదు. నిజమే. ఇంగ్లాండులో పదునేడవయేట కారు నేర్వవచ్చును. జర్మనీలో పదునేడేండ్లవాడు కారు నడపవచ్చును. కాని ముప్పదియేండ్లకు తక్కువగాని యనుభవశాలి ప్రక్కన గూర్చుండవలెను. మెట్లుమెట్లుగ లైసెన్సు నిచ్చు పద్ధతిని న్యూజీలాండు 1987లో నవలంబించెను. మొదట పెద్దల తోడు, పిదప రాత్రిపూట నడపుటయందును తోటివారి నెక్కించుకొనుటయందును కట్టుబాట్లు, తుదకు పూర్తి స్వేచ్ఛ. వారి వయస్సును మాత్రము గ్రహించి వారి నియమములను విడుచుట న్యాయము గాదు.

కావున తల్లిదండ్రులు పద్దెనిమిదేండ్లు నిండువఱకు తాళపుచెవిని తమయొద్దనే యుంచుకొనవలెను. నిండిన పిదపను ఒక్కదినమున సర్వస్వతంత్రత నొసగ బనిలేదు. మొదటి మాసములందు పగటివేళ, పరిచిత మార్గమున, పెద్దల తోడుతో నడపనిండు. శిరస్త్రాణము లేనిదే బండి గడప దాటరాదు; ఈ నియమము ముందు తండ్రికే వర్తింపవలెను. ఎడపిల్లకు మగపిల్లవానికి వేఱువేఱు నియమములు వలదు. భయముచే నేర్పనే నేర్పకుండుటయు దోషమే.

పట్టణవాసి యవసరమును త్రోసివేయరాదు. తెలంగాణమున 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు నుండియు స్త్రీలకు ప్రభుత్వపు బస్సులలో ఉచిత ప్రయాణ మేర్పడినది. కాని కళాశాల వేళకు బస్సే రాకున్న ఉచితమువలన ఫలమేమి? తండ్రులు స్కూటరు వెల విచారించుటకు ముందు పదిమందిగా గూడి డిపో మేనేజరు నొద్దకు పోయి బస్సు నడుగవలెను. వేకువజామున తరగతులు పెట్టు కళాశాలలవారిని వేళ మార్పుడని నిలదీయవలెను. స్కూటరు ఒక్క యింటి బిడ్డను చేర్చును. బస్సు ఊరి బిడ్డల నందఱను చేర్చును. ఆ రెండేండ్లు బస్సెక్కి పోయివచ్చిన కుమారుడు పద్దెనిమిదవయేట లైసెన్సు చేతబట్టి, యెవరికిని వెఱవక, తన బండిని రహదారిపై నడుపుకొనును.