వైఫై అనగా నేమి? పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన కొన్ని మాటలు

“నెట్ లేదు, రేపు రండు” అను మాట విని పంచాయతీ కార్యాలయపు గుమ్మము నుండి వెనుదిరిగినవారు మన గ్రామములలో పెక్కురు. ఒకనాటి కూలి మానుకొని ధ్రువపత్రమునకై వచ్చిన మనిషికి అది చిన్న నష్టము కాదు. లోపము ఎచట నున్నదో సభ్యులు గుర్తింపగలిగినచో సగము చిక్కు తీరును. అందులకు వలయు కొన్ని మాటలను ఇచట వివరింపదలచితిమి.

వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు

ఈ రెంటిని ఒక్కటిగా తలచుట సాధారణమైన పొరపాటు. పొలమునకు నీరు చేరుటకు ప్రధాన కాలువయు కావలెను, పంట బోదెయు కావలెను. గ్రామమునకు వచ్చు ఆప్టికల్ ఫైబరు, అనగా వెండ్రుక వంటి సన్నని గాజు తీగ, ప్రధాన కాలువ వంటిది. గ్రామ పంచాయతీలకు ఈ తీగను చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. 2015 నుండి దానికి భారత్‌నెట్ అని పేరు. ఆ తీగ కొస నుండి గదిలోని కంప్యూటర్లకు, ఫోనులకు రేడియో తరంగములపై సమాచారమును చేర్చు ఏర్పాటే వైఫై. ఇది బోదె వంటిది. ఫోనుపై వైఫై గుర్తు నిండుగా కనబడుచున్నను పని జరుగనిచో, తరచుగా బోదె బాగుగనే యుండును, కాలువలోనే నీరు ఉండదు. అట్టి సమయమున క్రొత్త రౌటరు కొనుట పంచాయతీ ధనమును వృథా చేయుటయే. లైను బాగుచేయువారికి తెలుపవలెను.

రౌటరు, యాక్సెస్ పాయింటు

ఒక్క లైనుపై వచ్చు సమాచారమును ఎవరిది వారికి పంచిపెట్టు సాధనము రౌటరు. తరంగములను వెలువరించునది యాక్సెస్ పాయింటు. చిన్న కార్యాలయములలో రెండును ఒకే పెట్టెలో నుండును. ఈ పెట్టెను ఇనుప బీరువాలో దాచరాదు. ఇనుము తరంగములను అడ్డగించును. గది నడుమ, ఎత్తైన చోట నుంచుట మేలు.

బ్యాండు, ఛానెలు

వైఫై తరంగములు ముఖ్యముగా రెండు బ్యాండులలో నడచును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము సెకనుకు 240 కోట్ల సార్లు కంపించును. ఇది దూరము పోవును, గోడలను కొంత దాటును. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగమైనది, కాని గోడలకు త్వరగా నీరసించును. ఒక్కొక్క బ్యాండులోని చిన్న దారులే ఛానెళ్లు. 2.4 బ్యాండులో 1, 6, 11 సంఖ్యల ఛానెళ్లు ఒకదానితో నొకటి కలియవు. ఇరుగుపొరుగు రౌటర్లు ఒకే ఛానెలుపై నున్నచో వేగము తగ్గును. ఛానెలు మార్చిన చాలును, ఖర్చు లేదు.

వేగము

వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. 8 బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల లైనుపై సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రాదు. అదియు అందరును పంచుకొనునదే. పదిమంది ఒక్కమారుగా వాడినచో తలకు 10 మెగాబిట్లు మాత్రమే.

పేరు, పాస్‌వర్డు

ఫోనులో కనబడు వైఫై పేరును ఎస్.ఎస్.ఐ.డి. అందురు. దానికి కావలి పాస్‌వర్డు. 2020లో ప్రారంభమైన ఇ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీ చెల్లింపులు డిజిటల్ సంతకములతో జరుగుచున్నవి. అట్టి కంప్యూటరు గల వైఫై పాస్‌వర్డును గోడపై వ్రాయుట ఖజానా తాళపుచెవిని గుమ్మమునకు తగిలించుట వంటిది. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును మొదటి దినముననే మార్చవలెను. రక్షణ పద్ధతి డబ్ల్యు.పి.ఎ.2 గాని, డబ్ల్యు.పి.ఎ.3 గాని ఉండవలెను, పాతదైన డబ్ల్యు.ఇ.పి. సులభముగా ఛేదింపబడును. వచ్చిపోవువారికి ‘గెస్ట్’ అను వేరు పేరున వైఫై ఏర్పరుపవచ్చును.

గ్రామస్థుల వాడుకకై 2020 డిసెంబరులో ఆమోదింపబడిన పి.ఎం.వాణి పథకము కలదు. దీని క్రింద చిన్న దుకాణదారుడును లైసెన్సు లేకయే వైఫై సేవ నడుపవచ్చును.

ఇకపై “నెట్ లేదు” అను మాట వినబడినప్పుడు సభ్యులు మూడు ప్రశ్నలు వేయుదురు గాక: వైఫై గుర్తు కనబడుచున్నదా? ఫైబరు లైను పనిచేయుచున్నదా? ఫిర్యాదు ఏ తేదీన వ్రాసితిరి? ఈ మూడింటికి సమాధానము పుస్తకమున నమోదు చేయించినచో, గుమ్మము వద్ద నిలుచున్న మనిషికి రేపు మరల రావలసిన అవసరము తగ్గును.