సిరా పూతలోంచి వెచ్చదనం

బిలాస్‌పూర్, సిర్గిట్టి రైల్వే కాలనీల్లో ఉండే మన తెలుగువాళ్లకు పుష్యమాసపు చలీ, ఎర్రగా కాలే కాయిల్ హీటరూ కొత్త కాదు. ఆ కాయిల్లోని నైక్రోమ్ తీగకు అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ పొందాడు. ఆ తీగ చేసే పనిని ఇప్పుడు అచ్చువేసిన సిరా కూడా చేస్తోంది.

• కారు వెనక అద్దం మీద సన్నటి అడ్డగీతలు చూశారు కదా? అవి హీటరే. వెండి పేస్టును స్క్రీన్ ప్రింటింగ్‌తో అద్దం మీద అచ్చువేసి, బట్టీలో కాలుస్తారు.

• వెండి ఖరీదు. అందుకే చౌక హీటర్లకు కార్బన్ సిరా వాడతారు. అందులో ఉండేవి మసి, గ్రాఫైట్ పొడి, జిగురు. సన్నటి జాలీ మీద సిరా పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే కింద కాగితం మీదో నూలుబట్ట మీదో నల్లటి పొర దిగుతుంది. పెళ్లిశుభలేఖలు వేసే పద్ధతే ఇది. ఆరబెట్టి రెండు అంచులకూ లోహపు పట్టీలు పెడితే హీటరు తయారు.

• ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. ఒకే సిరా, ఒకే మందం అయితే తపాలాబిళ్లంత చదరానికీ దినపత్రికంత చదరానికీ విద్యుత్ నిరోధం ఒక్కటే! అది 20 ఓములనుకుంటే, 12 వోల్టులకు రెండూ 7.2 వాట్లే ఇస్తాయి. పెద్ద చదరంలో ఆ వేడి పరుచుకుపోయి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. అరచేయంత అయితే హాయిగా వెచ్చగా ఉంటుంది. తపాలాబిళ్లంతదైతే కాగితమే మాడిపోవచ్చు.

• కొన్ని కార్బన్ సిరాలు తమను తామే అదుపు చేసుకుంటాయి. వేడెక్కిన కొద్దీ లోపలి ప్లాస్టిక్ ఉబ్బి, మసి రేణువులు దూరం జరుగుతాయి. కరెంటు తగ్గుతుంది.

• అసలు సిరాయే లేకుండానూ చేయొచ్చు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం 2014లో ప్లాస్టిక్ ఫిల్మ్‌ను లేజర్‌తో కాల్చి, గ్రాఫీన్ అనే, విద్యుత్తు ప్రవహించే కార్బన్ పొరను చేసింది. 2018లో కాగితం, గుడ్డ, కొబ్బరిచిప్ప, బంగాళాదుంప మీద కూడా చేసి చూపింది.

• రైల్వే కుటుంబాలకు ఈ సంగతి నచ్చుతుంది: 2025 జూన్‌లో మొదలైన కాట్రా–శ్రీనగర్ వందేభారత్‌లో డ్రైవరు ముందరి అద్దంలోనే మంచు కరిగించే హీటరు అమర్చారు.

• కాగితం హీటరు పర్యావరణానికి మేలంటారు కానీ, దానికి శత్రువు తేమ. తడవకుండా ప్లాస్టిక్ పూత వేస్తే ఆ మేలు సగం పోయినట్టే.

సైన్స్ ఫెయిర్‌కు పిల్లలు ఇలాంటిది చేస్తామంటే తప్పక చేయనివ్వండి. చిన్న బ్యాటరీతోనే, పెద్దవాళ్లు పక్కనుండగా చేయాలి. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి మాత్రం పోనివ్వకండి.