లాభము ఎచ్చట నున్నది?

కంపెనీలో వాటా కొనదలచిన గృహస్థు మొదట చూచునది లాభము. అది చాలదు. ఆ లాభము ఇప్పుడు ఏ రూపమున, ఎచ్చట నున్నదని కూడ అడుగవలెను.

కంపెనీ లెక్కలలో మూడు పట్టికలు ముఖ్యములు. లాభనష్టముల పట్టిక ఆ కాలపు వ్యాపార ఫలితమును తెలుపును. ఆస్తి అప్పుల పట్టిక ఒకానొక దినమున గల సొత్తును, ఋణములను, వాటాదారుల సొమ్మును చూపును. నగదు పట్టిక వచ్చిన రొక్కమును, పోయిన రొక్కమును చెప్పును. సరకు అరువిచ్చిననాడే అమ్మకము లెక్కకెక్కును. రొక్కము తరువాత వచ్చును. అందుచే లాభము గల కంపెనీయు జీతములకు తడుముకొనవచ్చును.

ఈ పట్టికలు ఒకదానితో నొకటి ముడివడి యున్నవి. లేని లాభమును వ్రాసినచో దానికి సరిపడు ఆస్తిని చూపక తప్పదు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ కథ యిదియే. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ఆ కంపెనీ చూపిన నిర్వహణ లాభము 649 కోట్ల రూపాయలు. నిజమునకు 61 కోట్లే. ఏండ్లతరబడి యిట్లు పెంచిన లాభములకు జోడుగా పుస్తకములలో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపిరి. అందు 5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరి 7న అధ్యక్షుడే లేఖ వ్రాసెను. ఆనాడే వాటా ధర ముప్పాతికకు మించి పడిపోయెను.

కావున నాలుగైదేండ్ల పట్టికలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. లాభము పెరుగుచు నగదు వెంటరానిచో కారణమడుగుడు. నగదు పుష్కలముగా నున్నదన్నచో, ఆ మాట బ్యాంకు స్వయముగ చెప్పినదా యని అడుగుడు.