నాడె పరుగును పట్టే కెమెరా

కంటికి గీతలా మెరిసి మాయమయ్యే కదలికను విడదీసి చూపే సాధనం హైస్పీడ్ కెమెరా. మామూలు వీడియోలో సెకనుకు 24 నుంచి 30 ఫ్రేములుంటే, ఇందులో వేలల్లో ఉంటాయి. సెకనుకు 1,000 ఫ్రేముల చొప్పున తీసిన దృశ్యాన్ని 30 ఫ్రేముల వేగంతో చూస్తే ఒక్క సెకనులో జరిగింది 33 సెకన్లసేపు కనిపిస్తుంది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక దశలో గాల్లోనే ఉంటాయని 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా అమర్చిన కెమెరాలతో చూపించాడు. నేటి హైస్పీడ్ కెమెరాలకు దారి చూపిన ప్రయోగాల్లో అదొకటి.

ఈ కెమెరా లెక్క తెలియడానికి పోచంపల్లి మగ్గం మంచి ఉదాహరణ. నేతగాడు తాడు లాగగానే, అడ్డంగా పేక దారాన్ని మోసుకెళ్లే నాడె నిలువు పడుగు దారాల మధ్య నుంచి ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతుంది. దాని వేగం సెకనుకు 5 మీటర్లు అనుకుంటే, 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేముకు 17 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. 240 ఫ్రేములు తీసే ఫోనులో ఆ దూరం 2 సెంటీమీటర్లకు, 1,000 ఫ్రేముల కెమెరాలో 5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది.

ఫ్రేములు పెరిగినంత మాత్రాన బొమ్మ స్పష్టంగా రాదు. షటర్ సెకనులో 1,000వ వంతు తెరిచి ఉంటే నాడె 5 మిల్లీమీటర్ల మేర అలుక్కుపోతుంది. ఆ మసక 1 మిల్లీమీటరుకు తగ్గాలంటే షటర్ 5,000వ వంతులోనే మూసుకోవాలి. అంత తక్కువ సమయంలో చాలినంత వెలుతురు అందాలి కాబట్టి బలమైన దీపాలు కావాలి. 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే పాత ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి అది తెలియదు గానీ, స్లో మోషన్‌లో మినుకుమినుకుమంటూ బయటపడుతుంది. అందుకే డీసీతో నిలకడగా వెలిగే దీపాలు వాడతారు.

కొలత తేలిక. మగ్గం పక్కన స్కేలు ఉంచి, ఏ ఫ్రేములో నాడె ఎక్కడుందో గుర్తిస్తే వేగం తెలుస్తుంది. నాడె వెళ్లేసరికి పడుగు దారాలు తగినంత విచ్చుకున్నాయా, అవతలి చివరనున్న పెట్టెను తాకి వెనక్కి ఎగిరిందా, అప్పుడు పేక దారం వదులైందా అన్నవి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడవచ్చు. పోచంపల్లి ఇక్కత్ నేతలో దారానికి ముందే ముడులు కట్టి రంగులద్దుతారు. పేక కాస్త జరిగినా పువ్వు అంచు చెదురుతుంది కాబట్టి నేతగాడు దాన్ని సర్దుతూ నేస్తాడు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో వెతకడానికి ఇలాంటి చిత్రీకరణ పనికొస్తుంది.

నాడె లేకుండా గాలి జోరుతో పేకను పంపే మిల్లు మగ్గాల్లో దారం నిమిషానికి వందల సార్లు దాటుతుంది. అక్కడ దారం తెగే క్షణం ఎప్పుడొస్తుందో ముందే చెప్పలేరు. అందుకని కెమెరా ఆగకుండా తీస్తూ, పాత ఫ్రేముల మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. దారం తెగాక బటన్ నొక్కితే అంతకు ముందటి కొన్ని సెకన్లు మెమరీలో మిగులుతాయి. ఫ్రేముల సంఖ్య పెంచేకొద్దీ చాలా కెమెరాల్లో బొమ్మ పరిమాణం తగ్గించుకోవాలి, మెమరీ కూడా త్వరగా నిండిపోతుంది.